పాటిదిబ్బ కింద కమ్మరి నేల

డెల్టా దిబ్బలు చూడాలంటే ఏప్రిల్‌లో, దాళ్వా కోతలయి కాలువలు కట్టేశాక వెళ్లాలి. అంతకుముందు వెళ్తే తవ్విన గుంటలో మట్టికంటే నీళ్లే ఎక్కువ. రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున బయల్దేరి ధవళేశ్వరం, రావులపాలెం మీదుగా సిద్ధాంతం వంతెన దాటి పాలకొల్లు రోడ్డు పట్టాం. వశిష్ఠ గట్టుకు దగ్గర్లో ఉన్న ఓ పాటిదిబ్బ, అంటే పాత ఊరు పూడిపోయి మిగిలిన మట్టిదిబ్బ, మేం చూడవలసింది. ఊరి పేరు రాయను. చేలకు బలమని పాటిమట్టి తోలుకెళ్లి ఇప్పటికే దాన్ని సగం చేశారు. పేరు బయటపడితే పాత సామాన్లు ఏరుకునేవాళ్లు మిగతా సగం మీద పడతారు.

గుంట అయిదు మీటర్ల చదరం. పైన బంగాళా పెంకులు, సీసా ముక్కలు. ఆ కింద పెద్ద ఇటుకల వరస. ఇంకా కిందికి దిగితే ఎరుపు-నలుపు కుండపెంకులున్న నల్లటి పొర. ఇనుప చిట్టెం, అంటే ఇనుము పనిలో కరిగి గడ్డకట్టి మిగిలే తుక్కు, ఆ పొరలో వచ్చింది.

"మా తాత కొలిమెనకాల ఇయ్యే గుట్టగా ఉండేయండి, ఆయ్" అన్నాడు తట్ట మోస్తున్న పెద్దాయన. ఆ ఒక్క మాటతో పని సగం తేలిపోయింది.

చిట్టెం దొరికిన ప్రతిచోటా ఇనుము తీశారనుకుంటే తప్పులో కాలేసినట్టే. ముడిరాయి నుంచి ఇనుము తీసే బట్టీలో వేడి 1200 డిగ్రీల దాకా వెళ్తుంది. ఇనుము కరగాలంటే 1538 కావాలి కాబట్టి అది ముద్దగానే ఉండిపోతుంది, రాతిలోని మలినం మాత్రం కరిగి బయటికి పారుతుంది. అలా పారిన చిట్టెం మీద బెల్లప్పాకం ఒలికి గడ్డకట్టినట్టు తీగలు తీగలుగా ముడతలు కనిపిస్తాయి. ఒకే చోట బళ్లకొద్దీ దొరుకుతుంది. కమ్మరి కొలిమిలో మిగిలేది వేరు. కొలిమి అడుగున దిగి, గుంట ఆకారమే తీసుకుని, కింద గుండ్రంగా, పైన చదునుగా, పది సెంటీమీటర్ల అటూ ఇటూ వెడల్పున్న దొప్పలాంటి బిళ్ల అవుతుంది. ఇక్కడ దొరికినవన్నీ బిళ్లలే. డెల్టా ఒండ్రులో ముడిరాయి లేదు, బట్టీలకు చాలినంత బొగ్గునిచ్చే అడవీ లేదు. ఇనుము ఎగువ నుంచి ముద్దలుగానో కడ్డీలుగానో వచ్చి ఇక్కడ కొడవలి, గునపం, మేకు అయిందని ఈ బిళ్లలు చెబుతున్నాయి.

బిళ్లను చూసి కొలిమి చోటు గుర్తుపట్టలేం. బరువైన చిట్టెం ఎవరైనా ఎత్తి బయట పారేస్తారు, గోతులు పూడుస్తారు. కదలకుండా ఉండేది సుత్తి పొట్టు. ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట పడగానే పైపొర పెచ్చులై రాలుతుంది. ఒకటి, రెండు మిల్లీమీటర్ల నీలి బూడిదరంగు రేకులు. రెండు ముక్కలను తెల్లగా కాల్చి అతికేటప్పుడయితే కరిగిన చిట్టెం చిమ్మి ఆవగింజంత గుండ్లవుతుంది. ఇవి నేలలోకి తొక్కుకుపోతాయి, చీపురుకు అందవు.

వాటిని పట్టే పద్ధతి ఇదీ. నేలను అర మీటరు గడులుగా దారాలతో విడదీయాలి. గడికి 200 గ్రాముల మట్టి తీసి, నీడన ఆరబెట్టి, చేత్తో నలిపి, పల్చని ప్లాస్టిక్ కవరులో పెట్టిన అయస్కాంతాన్ని దానిమీద తిప్పాలి. కవరు లేకపోతే రేకులు అయస్కాంతాన్ని పట్టుకుని ఊడిరావు. అంటినదాన్ని గడి నంబరుతో తూచి, ఆ బరువులు గళ్ల కాగితం మీద వేయాలి. మేం చూసిన గుంటలో ఈశాన్యం మూల గడులు చిటికెడు చిటికెడు ఇచ్చాయి. వాటి మధ్య ఒక్కచోట జానెడు వెడల్పున ఏమీ రాలేదు. మట్టి రంగు కూడా అక్కడ తేడా. తీసి చూస్తే మొద్దు పాతిన గొయ్యి! రాయి దొరకని సీమ కాబట్టి దాగలిని, అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మను, చెక్కమొద్దులో దిగేశారు. మొద్దు కుళ్లిపోయింది, దాని చుట్టూ రాలిన పొట్టు అలాగే ఉంది. కమ్మరి నిలబడ్డ చోటు అంత స్పష్టంగా తెలుస్తుంటే దానిమీద కాలు పెట్టబుద్ధి కాలేదు.

మోసపోయే చోట్లు ఈ డెల్టాలో చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది గోదావరి ఇసుకే. అందులోని నల్ల రేణువులు కూడా అయస్కాంతానికి అంటుకుంటాయి. తూకం చూసి సంబరపడకుండా పదింతలు చూపే భూతద్దం కింద పెట్టాలి. ఇసుక రేణువు మూలలరిగి గింజలా ఉంటుంది, పొట్టు పలచగా, విరిగిన అంచుతో మెరుస్తుంది. దిబ్బకు దూరంగా, ఎవరూ కాపురముండని చోట ఒక నమూనా తీసి దానితో పోల్చుకోవడం తప్పనిసరి. రైసుమిల్లు బాయిలర్లో ఊక కాలి గడ్డకట్టిన ముద్దలు, ఆవంలో మాడి గాజెక్కిన ఇటుకలు కూడా చిట్టెంలా కనబడతాయి. చేతిలోకి తీసుకుంటే తేలిక, అంతే తేడా.

ఇంకొకటి, వేసవిలో నల్లమట్టి నెర్రెలిస్తుంది. పైపొర రేకులు ఆ నెర్రెల్లోంచి, ఎలుక బొరియల్లోంచి కిందికి జారి, కొత్తవి కాస్తా పాతవై కూర్చుంటాయి. అందుకే కాలం లెక్కకు బల్లపరుపుగా పడిన ఇటుక కిందో, పెద్ద పెంకు కిందో మూతపడ్డ మట్టినే తీయాలి. వయసు తేల్చే పరీక్షకు బొగ్గు పంపేటప్పుడు దుంగ ముక్క వద్దు, పుల్ల మేలు. ముసలి చెట్టు నడిబొడ్డు కొలిమి వయసును వందేళ్లు వెనక్కి నెడుతుంది.

దొరికిన చిట్టెం కడగవచ్చు. ఇనుప వస్తువును మాత్రం నీళ్లలో ముంచకూడదు. ఉప్పునేలలో పడున్న ఇనుము బయటికి రాగానే గోధుమరంగు చెమట పోస్తుంది, కొన్ని వారాల్లో పొరలుగా విచ్చిపోతుంది. సిలికా జెల్ వేసి, గాలి చొరబడని డబ్బాలో అప్పటికప్పుడే మూయాలి. మూసల, అంటే లోహం కరిగించే మట్టిపాత్రల, ముక్కలు దొరికితే లోపలివైపు బ్రష్ తగలనీయకండి. అంటుకున్న పచ్చని చుక్క రాగి పనికి ఆనవాలు. మూస విరిగినచోట ఊక కాలిన గీతలున్నాయేమో చూడండి. ఎగువన తెలంగాణలోని కోనసముద్రంలో ఉక్కు చేసిన మూసల మట్టిలోనూ ఊకే కలిపేవారు.

మధ్యాహ్నం నరసాపురం వెళ్లాం. 1670లలో ఈ తీరమంతా తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, ఇక్కడి ఓడల పనినీ, మేకులు, బోల్టులు, లంగర్లు చేసే కమ్మరుల నేర్పునూ మెచ్చుకుంటూ రాశాడు. ఇప్పుడు రేవులో ఆ కొలిముల జాడ పైకి కనబడదు.

తిరుగుదారిలో మళ్లీ దిబ్బ దగ్గర ఆగాం. తూర్పు వైపు తెగ్గోసిన మట్టిగోడలో ఆ నల్లపొర కొనసాగి, ఒక్కసారిగా గాలిలో ఆగిపోయింది. అటువైపు మట్టంతా కొబ్బరితోటల్లో చెట్ల మొదళ్లకు చేరింది. అక్కడ అయస్కాంతం తిప్పితే రేకులు దొరుకుతాయి. అవి ఏ గడిలోవో చెప్పడానికి గడులే లేవు.