బారువలో డైకిరీ

ఉద్దానంలో ఏ ఊరికి వెళ్లినా ఓడల్లో పనిచేసేవాళ్లో, చేసి వచ్చినవాళ్లో తప్పకుండా తగులుతారు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్లు ఓడ ఎక్కడం కొత్త సంగతేమీ కాదు. నా మిత్రుడి మేనమామ కూడా అలా వెళ్లినవారే. సరుకు ఓడ వంటగదిలో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, ఆఫీసర్ల మెస్‌లో స్టీవార్డుగా రిటైరయ్యారు. ఇప్పుడు బారువలో కొబ్బరిచెట్ల మధ్య ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. ఆయన కలిపే డైకిరీ గురించి మిత్రుడు చాలాకాలంగా ఊరిస్తున్నాడు. రమ్ము, నిమ్మరసం, పంచదార, ఇంతే ఆ కాక్‌టెయిల్. ఈ మూడింటిలో అంత గొప్ప ఏముందో చూద్దామనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

విశాఖలో రైలెక్కితే విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస దాటి సోంపేట. పలాసలో బండి ఆగినప్పుడు జీడిపప్పు కొన్నాం. సోంపేట నుంచి ఆటో. దారి పొడవునా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తోటల్ని ఎలా నేలకూల్చిందో ఇక్కడివాళ్లు ఇప్పటికీ నిన్న మొన్నటి సంగతిలా చెబుతారు. కొన్ని తోటల్లో ముసలి చెట్ల మధ్య పొట్టి చెట్లు కనిపిస్తే, అవి ఆ తర్వాత నాటినవని ఆటో అబ్బాయి చూపించాడు. బారువలో లైట్‌హౌస్, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు చూసుకుని, చీకటి పడుతుండగా మావయ్య ఇంటికి చేరాం.

వసారాలో చిన్న బల్ల మీద అన్నీ ముందే సర్ది ఉంచారు. తెల్ల రమ్ము సీసా, పెరట్లో కోసిన నిమ్మకాయలు, మిక్సీలో మెత్తగా పొడి చేసిన పంచదార, ఎప్పుడో ఏదో రేవులో కొన్న స్టీలు షేకరు. గ్లాసులు మాత్రం బల్ల మీద లేవు, ఫ్రిజ్‌లో ఉన్నాయి. అప్పుడే ఎందుకు తీయలేదని అడిగితే, "ఏటి తొందర బాబూ, గలాసు సల్లగుంటేనే లోపలిది సల్లగుంటాది" అన్నారు.

ఆయన కలిపే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. ముందు నిమ్మకాయ కోసి, అప్పటికప్పుడు పిండారు. గట్టిగా నులమలేదు. మరీ నులిమితే తొక్కలోని చేదు దిగుతుందట. మనిషికి 20 మిల్లీలీటర్ల రసం, అందులో రెండు చిన్న చెంచాల పంచదార పొడి వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపారు. "రమ్ములో పంచదార సరిగ్గా కరగదు. పులుపులోనే కరగాల. అది అయ్యాకే మిగతాది." ఆ తర్వాత 60 మిల్లీలీటర్ల రమ్ము. చివరికి ఐసు. గిన్నెల్లో కట్టిన పెద్ద పెద్ద గడ్డలు అవి. చిన్న ముక్కలైతే త్వరగా కరిగి పల్చనైపోతుందని, గడ్డలైతే చల్లదనం ఇస్తూనే నిదానంగా కరుగుతాయని ఆయన లెక్క.

మూత బిగించి, భుజం ఎత్తుకు తీసుకెళ్లి ఊపడం మొదలుపెట్టారు. షేకరు బయట తెల్లగా మంచు పట్టి, చెయ్యి అంటుకుంటుందేమో అనిపించేదాకా ఊపారు. ఆ కాసేపట్లో కరిగే నీళ్లు కూడా ఈ పానీయంలో ఒక వస్తువే. గ్లాసులో చేరేదాంట్లో దాదాపు పావు వంతు ఆ నీళ్లే ఉంటాయి. అవి లేకపోతే రమ్ము గొంతులో మండుతుంది, పులుపు పళ్లను గుంజుతుంది. చివరగా టీ వడపోసే జాలీలోంచి గ్లాసుల్లోకి పోశారు, ఐసు రవ్వలు లోపల పడి ఇంకా కరక్కుండా. గ్లాసులో ఐసు లేదు, పైన అలంకారం లేదు. లేత నిమ్మరంగు పానీయం, అంచున పల్చని నురగ.

మొదటి గుక్కలో నాకు ముందు తగిలింది వాసన. కోసిన నిమ్మకాయ వాసన, దాని వెనక చెరకు పాకం లాంటి రమ్ము వాసన. తర్వాత పులుపు, వెంటనే తీపి. ఏది ముందు, ఏది వెనక అని విడదీసేలోపే రెండూ ఒకటై గొంతు దిగిపోయాయి. అన్నీ కొలతలో పడ్డాయి కాబట్టి ఏదీ దాక్కోలేదు. సిటీ బార్లలో ఇదే పేరుతో స్ట్రాబెర్రీ సిరప్పు పోసి, ఐసుతో మిక్సీ పట్టి, గొడుగు గుచ్చి ఇస్తారు. దాని మీద నాకు కోపం లేదు గానీ, ఆ తీపిలో రమ్ము మంచిదో కాదో, నిమ్మకాయ ఇవాళ్టిదో నిన్నటిదో తెలుసుకోవడానికి దారే ఉండదు. ఇక్కడ అన్నీ తెలుస్తాయి.

మావయ్య ఈ విద్య నేర్చుకున్నది ఒక గోవా చీఫ్ స్టీవార్డు దగ్గర. అసలు పుట్టుక మాత్రం క్యూబాలో. శాంటియాగో నగరం దగ్గర డైకిరీ అనే ఊళ్లో ఇనుప గనులు ఉండేవి. 1898 ప్రాంతంలో అక్కడ పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద ఈ పానీయం చెలామణిలోకి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో స్పెయిన్‌తో యుద్ధానికి వచ్చిన అమెరికా సైన్యం దిగింది కూడా ఆ డైకిరీ తీరంలోనే. అయితే రమ్ములో నిమ్మరసం, పంచదార కలపడం నావికులకు అంతకు చాలా ముందే తెలుసు. 1740లో బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్ తన నావికులకు ఇచ్చే రమ్ములో నీళ్లు కలిపి పొయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. కావాలంటే నిమ్మరసం, పంచదార వేసుకుని రుచిగా తాగమన్నాడు. బ్రిటిష్ నౌకాదళంలో రోజువారీ రమ్ము వాటా 1970 జూలై 31న ఆగిపోయింది. ఓడల్లో జీవితం గడిపిన మనిషి ఇంట్లో కూర్చుని ఈ సంగతులు చెప్పుకోవడం నాకు చాలా నచ్చింది.

ఇంకో సంగతి ఆ రాత్రంతా నన్ను వదల్లేదు. చెరకు రసం నుంచి గట్టి పంచదార తీయడం మొదట తెలిసింది మన దేశంలో. పల్చని తొక్క ఉండే ఈ చిన్న నిమ్మ కూడా మన ఈశాన్యం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉన్న నేలదే. అరబ్బు వర్తకుల చేతుల మీదుగా పడమటికి వెళ్లింది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో చెరకూ, నిమ్మజాతి విత్తనాలూ కరీబియన్ దీవులకు చేరాయి. అవి అక్కడ పండకపోతే రమ్మూ లేదు, డైకిరీ లేదు. పెరటి నిమ్మకాయతో ఉద్దానంలో చేసిన డైకిరీ పరాయిగా అనిపించకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

"మరి పంచదార బదులు బెల్లం వేస్తే?" అని అడిగాను. మావయ్య కాదనలేదు. బెల్లాన్ని నిమ్మరసంలో కరిగించి, ముదురు రంగు రమ్ముతో ఒక చిన్న గ్లాసు చేసి ఇచ్చారు. బాగుంది. కానీ బెల్లం ముందుకొచ్చి నిమ్మను వెనక్కి నెట్టేసింది. "ఇది ఏరే సరుకు బాబూ. దీనికి ఏరే పేరు ఎట్టాల" అన్నారాయన. నాదీ అదే మాట.

ఇంకో గ్లాసు అడిగితే ఇవ్వలేదు. లోపల్నుంచి అత్తయ్య చందువా వేపుడు, వేయించిన జీడిపప్పు పంపుతూనే ఉన్నారు. "పులుసు సల్లారిపోతంది, లెగండి" అని పిలిచేసరికి బల్ల ఎత్తేశాం.

మర్నాడు బయల్దేరుతుంటే ఆయన పెరట్లోకి వెళ్లి, సంచీ నిండా నిమ్మకాయలు కోసుకొచ్చారు. కొలతలన్నీ కాగితం మీద రాయించుకున్నాను. ఆటో ఎక్కాక కూడా దగ్గరికి వచ్చి ఇంకో జాగ్రత్త చెప్పారు: "ఐసు మూతున్న డబ్బాలో కట్టుకో బాబూ. నేకపోతే ఫ్రిజ్‌లో చేపల వాసనంతా గలాసులోకి వచ్చెస్తాది."