ఎర్ర ఇసుకరాళ్ల మధ్య, హారన్ లేని దారిలో

వీసంబూర్ స్టేషన్‌లో సైకిళ్లు దించుకునేసరికి తొమ్మిదిన్నర అయింది. అక్టోబర్ మొదటి వారం, మంగళవారం. ఆదివారాల్లో ఈ కొండ రోడ్ల మీద మోటార్‌సైకిళ్ల చప్పుడు ఎక్కువగా ఉంటుందని కావాలనే వారం మధ్యలో సెలవు పెట్టాం. నేను జర్మనీలోని కార్ల్‌స్రూహెలో ఉంటాను. నాతో వచ్చింది మా ఆఫీసులోనే పనిచేసే నరసరావుపేట అబ్బాయి. రోడ్ సైకిల్ కొని మూడు నెలలే అయింది. "అన్నా, ఆ కొండ నేను ఎక్కగలనంటావా?" అని రైల్లో రెండుసార్లు అడిగాడు.

వీసంబూర్ ఫ్రాన్స్‌లో, అల్జాస్ ప్రాంతం ఉత్తరపు అంచున ఉన్న చిన్న ఊరు. ఊరు దాటితే అడవి కొండలే. ఫ్రాన్స్ వైపు వాటిని ఉత్తర వోజ్ అంటారు, జర్మనీ వైపు ఫెల్జర్‌వాల్డ్ అంటారు. పేర్లు రెండైనా అడవి ఒక్కటే. 1998లో యునెస్కో రెండు వైపులనూ కలిపి ఒకే జీవావరణ రిజర్వుగా గుర్తించింది. మొత్తం 3,000 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో ఒక మూలను, దాదాపు 75 కిలోమీటర్లు, ఒక్క రోజులో చుట్టి మళ్లీ వీసంబూర్ చేరాలన్నది మా ప్లాన్.

మొదటి ఎక్కుడు పిజోనియే కనుమ. ఎత్తు 432 మీటర్లే, వాలు కూడా నిదానమే. రోడ్డు బీచ్ (beech) అనే అడవి చెట్ల కింద మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఆకులు సగం పచ్చగా, సగం రాగి రంగులో ఉన్నాయి. రెండు మూడు కిలోమీటర్లు ఎక్కాక నాకో సంగతి తెలిసింది. నా కుడి చెవి ఇంకా వెనక్కే ఉంది. ఏదో బండి వస్తుందేమోనని మెడ కొద్దిగా తిప్పి, భుజాలు బిగించి తొక్కుతున్నాను. ఎవరూ రావడం లేదు. చెయిన్ శబ్దం, ఎండుటాకుల మీద టైరు శబ్దం, వెనక మావాడి ఊపిరి, అంతే. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన ఆ భయాన్ని వదిలించుకోవడానికి కనుమ పైదాకా పట్టింది.

ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మాది ములుగు వైపు. బాపు పస్రా దగ్గర ఒక ఊళ్లో టీచర్. రోజూ ఇంటి నుంచి బడికి అడవి రోడ్డు మీద సైకిల్ మీదే పోయేవాడు. ముందు రాడ్ మీద నేను. రెండు వైపులా టేకు, నల్లమద్ది, వెదురు పొదలు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం వెదురు లోడు లారీ ఒకటి బాపును రాసుకుంటూ పోయింది. బయటికి పొడుచుకొచ్చిన బొంగు హ్యాండిల్‌కు తగిలి రోడ్డు పక్క గుంటలో పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఆయన మళ్లీ సైకిల్ ఎక్కలేదు, బస్సులోనే బడికి పోయాడు. ఆ సైకిల్ చాలా ఏళ్లు మా ఇంటి వెనక గోడకు ఆనించి ఉండేది. వానాకాలంలో అమ్మ దాని మీద బస్తా కప్పేది.

కనుమ దిగితే క్లింబాక్, ఆ తరువాత లెంబాక్. దిగుడు సాఫీగా సాగింది. లెంబాక్‌లో తిందామంటే మాకు కనిపించిన రెండు రెస్టారెంట్లూ మూసి ఉన్నాయి. అల్జాస్ పల్లెల్లో సోమ, మంగళవారాలు సెలవు పెట్టే హోటళ్లు చాలానే ఉంటాయి, ఆ మాట మేం ముందే ఆలోచించుకోవాల్సింది. నీళ్లు మాత్రం దొరికాయి. ఇక్కడి సైకిల్ జనానికి తెలిసిన ఉపాయం ఒకటుంది: ఊరి శ్మశానానికి వెళ్లడం. సమాధుల మీది పూలమొక్కలకు పోయడానికి గేటు దగ్గరే కుళాయి ఉంటుంది. మావాడు మొదట వెనకాడాడు. చెప్పులు విప్పినట్టు షూ విప్పబోతే వద్దన్నాను. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఇద్దరం బాటిళ్లు నింపుకుని మాట్లాడకుండా బయటికి వచ్చాం.

లెంబాక్ నుంచి ఉత్తరంగా సావర్ వాగు పక్కన పోతే అడవి మధ్యలో ఫ్లెకెన్‌స్టైన్ కోట కనిపిస్తుంది. దూరం నుంచి ఏది కొండో ఏది కోటో తెలియదు. నిటారుగా నిలబడిన ఎర్రటి ఇసుకరాతి గుట్ట మీద, ఆ రాతినే తొలిచి మెట్లు, గదులు, నీళ్ల తొట్టి చేశారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ సైన్యం దాన్ని పడగొట్టింది. కట్టిన గోడలు చాలావరకు పోయాయి, తొలిచినవి మిగిలాయి.

నేను ఆ రాతిని చేత్తో తడిమి చూశాను. వేళ్లకు ఎర్రటి ఇసుక అంటుకుంది. దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట, ఈ నేల ఎండిన మైదానంగా ఉన్నప్పుడు, నదులు తెచ్చి పరిచిన ఇసుక ఇది. రేణువులకు పట్టిన ఇనుప తుప్పే దాని ఎరుపు. పొరల్లో కొన్ని గట్టివి, కొన్ని మెత్తవి. మెత్తని పొర వానకు, గాలికి ముందుగా అరిగిపోతుంది, గట్టిది పైన గొడుగులా నిలబడుతుంది. కొన్నిచోట్ల రాతి ముఖమంతా తేనెపట్టులా చిన్న చిన్న గుంటలు. ఈ పని నీళ్లు, వాటిలోని లవణాలు కలిసి చేస్తాయట.

"ఏంటన్నా, అట్లా చూస్తున్నావు?" అన్నాడు మావాడు.

"ఇది మా రామప్ప రాయి తమ్ముడూ" అన్నాను.

వయసు, పుట్టుక వేరని నాకు తెలుసు. అయినా రంగు అదే, చేతికి తగిలే గరుకు అదే. పాలంపేటలో 1213లో మొదలుపెట్టిన ఆ గుడి ప్రధాన కట్టడమంతా ఎర్రటి ఇసుకరాయే. నల్లగా నిగనిగలాడే మదనికలను అందరూ ఫొటోలు తీస్తారు, వెనకున్న ఎర్రరాయిని పట్టించుకునేవాళ్లు తక్కువ. బడి సెలవుల్లో బాపు నన్ను అక్కడికి కూడా సైకిల్ మీదే తీసుకుపోయాడు. ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంటే తెల్ల చొక్కాకు ఎర్రటి మరక అంటేది.

కోట నుంచి సరిహద్దు ఎంతో దూరం లేదు. చెక్‌పోస్టు లేదు, మనిషి లేడు. రోడ్డు మీది తారు రంగు మారింది, బోర్డు మారింది, హిర్ష్‌టాల్ అనే చిన్న ఊరు వచ్చింది. ఆ పేరుకు జింకల లోయ అని అర్థం. షోనావ్ మీదుగా ఫిష్‌బాఖ్ దాకా మమ్మల్ని దాటిన కార్లు నాలుగు, పోస్టు వాళ్ల పసుపు వ్యాన్ ఒకటి. ఆ వ్యాన్ కూడా మా వెనక నిదానంగా వచ్చి, మలుపు దాటి దారి బాగా కనిపించాకే, అవతలి లేన్‌లోకి పూర్తిగా వెళ్లి దాటింది. ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు 2 మీటర్ల ఎడం వదలాలని జర్మనీలో 2020 నుంచి స్పష్టమైన నిబంధన ఉంది. ఫ్రాన్స్‌లో అది మీటరున్నర. ఆ ఎడం చూసినప్పుడల్లా నాకు బాపు మణికట్టు గుర్తొస్తుంది.

ఈ రోడ్లు ఇంత ఖాళీగా ఉండడానికి ఈ రాయి కూడా ఒక కారణం. ఇసుకరాయి అరిగితే వచ్చే నేల పలచని ఇసుక నేల, పంట సరిగా పండదు. అందుకే కొండలను అడవికే వదిలి, మనుషులు వాగుల వెంట చిన్న ఊళ్లు కట్టుకున్నారు. దానికి తోడు ఇది సరిహద్దు. ఫ్రాన్స్ మాజినో లైన్, జర్మనీ వెస్ట్‌వాల్ అనే కాంక్రీటు రక్షణ వరుసలను ఈ ప్రాంతంలోనే ఎదురెదురుగా కట్టుకున్నాయి. 1939లో యుద్ధం మొదలవగానే రెండు వైపులా పల్లెలను ఖాళీ చేయించారు. ఇప్పటికీ చెట్ల మధ్య నాచు పట్టిన కాంక్రీటు ముక్కలు అక్కడక్కడ కనిపిస్తాయి.

ఫిష్‌బాఖ్ దాటి రుంబాఖ్ వైపు తిరిగాక మావాడు పడ్డాడు. మొన్నటి వానకు గట్టు మీది ఇసుక కొట్టుకొచ్చి మలుపులో పలచగా పరుచుకుంది. ముందు చక్రం జారింది. మోచేయి గీరుకుంది, వెనక ట్యూబ్ పంచరైంది. నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. కానీ వాడు నడిరోడ్డు మీద పడి ఉన్న ఆ అర నిమిషంలో వెనక నుంచి ఏ బండీ రాలేదు. అదే మన రోడ్డయితే అనుకుంటేనే ఒళ్లు జలదరించింది. గాయం కడిగి, ట్యూబ్ మార్చి, గట్టు మీద కూర్చుని నా జేబులోని సకినాలు తిన్నాం. ఊరి నుంచి వచ్చిన చుట్టం తెచ్చినవి. సగం నలిగిపోయాయి, నువ్వులు మాత్రం ఇంకా కమ్మగానే ఉన్నాయి.

బుండెన్‌టాల్ నుంచి డాన్‌కు వెళ్లి వెనక్కి తిరిగాం. డాన్ ఊరి నడుమ 70 మీటర్ల రాతి గోడ లేచి ఉంటుంది, పేరు యుంగ్‌ఫెర్న్‌స్ప్రుంగ్, కన్య దూకిన చోటు. ఎవడో తరుముతుంటే ఒక పిల్ల పైనుంచి దూకిందని, దెబ్బ తగలకుండా దిగిన చోట ఊట పుట్టిందని కథ. అక్కడ కాఫీ దొరికింది, పెద్ద ముక్క కేకు దొరికింది. మావాడి ముఖంలో కళ వచ్చింది.

చివరి భాగం లౌటర్ వాగు వెంట. ఇక్కడ సైకిళ్ల కోసం వేరే దారే ఉంది. చాలావరకు తారు, కొన్నిచోట్ల గట్టి మట్టి. ఎక్కుడు దాదాపు లేదు, వాగు దిగే వైపే మనమూ దిగుతాం. ఒక పక్క గడ్డి బీళ్లు, ఒక పక్క అడవి. ఎదురుగా డెబ్బై దాటిన ఒక జంట పక్కపక్కనే తొక్కుకుంటూ వచ్చారు. ఆమె ఏదో చెబుతోంది, ఆయన ఆమె వైపే చూస్తూ తొక్కుతున్నాడు. ముందుకు చూడాల్సిన అవసరమే ఆయనకు లేదు.

వీసంబూర్ ఇంకొంచెం దూరం ఉందనగా జాంక్ట్ గెర్మాన్స్‌హోఫ్ వస్తుంది. 1950 ఆగస్టు 6న యూరప్‌లోని పలు దేశాల విద్యార్థులు సుమారు 300 మంది ఈ సరిహద్దు దగ్గరికి వచ్చి, అడ్డుగా ఉన్న దూలాలను పీకి తగలబెట్టి, ఒకే యూరప్ కావాలని అడిగారు. యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే. మేం ఆ చోట సైకిళ్లు ఆపి నిలబడ్డాం. నాలుగున్నర అయింది, అంటే ఇంటి దగ్గర రాత్రి ఎనిమిది. బాపుకు వీడియో కాల్ చేసి ఫోన్ దారి వైపు తిప్పాను.

చాలాసేపు చూశాడు.

"కార్లు రావారా?"

"రావు బాపూ. ఇది సైకిళ్లకే."

"లారీలు?"

"అసలే రావు. ఏప్రిల్‌లో వస్తవు గదా, ఇక్కడికే తీసుకొస్త. కిరాయికి సైకిల్ దొరుకుతది."

అవతల మాట లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. తరువాత గొంతు సర్దుకోవడం వినిపించింది.

"సీటు కిందికి దిగుతదా? నాకు కాళ్లు నేలకు అందాలె."