చదరంగ జ్యోతి చేరిన ఊరికి

2022 ఆగస్టు మొదటి వారంలో, చదరంగం నేర్చుకుంటున్న మా అన్నయ్య కూతురిని వెంటబెట్టుకుని గుంటూరు నుంచి తెనాలి చేరి, అక్కడ పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా గమ్యం దేశాల జట్లు తలపడే 44వ చదరంగ ఒలింపియాడ్ జరుగుతున్న మహాబలిపురం. జూన్ 19న ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియంలో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ అందించిన జ్యోతిని ప్రధాని మోదీ విశ్వనాథన్ ఆనంద్ చేతికివ్వగా మొదలైన యాత్ర, 40 రోజుల్లో 75 నగరాలను చుట్టి అక్కడికే చేరింది. ఢిల్లీ వేదికపై ప్రధాని మన కోనేరు హంపితో లాంఛనంగా ఎత్తులు వేయడం టీవీలో చూసిన నాటి నుంచే మా అమ్మాయి పోరు మొదలైంది.

ఒలింపిక్స్‌లో జ్యోతిని చేతులు మార్చుతూ తీసుకువెళ్లడం 1936 నుంచి ఉన్నదే గానీ, చదరంగ ఒలింపియాడ్‌కు ఇదే మొదటిసారి. ఈ మాట వినగానే ఎదురుగా కూర్చున్న పెద్దాయన, “కూర్చుని ఆడే ఆటకు ఈ పరుగులెందుకండీ?” అన్నారు.

“ఆట పుట్టింది మన దేశంలోనే కదా తాతగారూ! ఇకమీదట పోటీలు ఎక్కడ జరిగినా జ్యోతి ఇక్కడి నుంచే బయలుదేరాలని నిర్ణయించారు” అని అమ్మాయి బదులిచ్చింది.

ఆయనకు ఆ జవాబు ఆనలేదు. నాకూ సగమే ఆనింది. ఇంత పెద్ద దేశంలో 40 రోజుల్లో 75 నగరాలంటే, పరుగు కన్నా ప్రయాణ ఏర్పాట్లదే పైచేయి. అయితే ఆయా ఊళ్లలో జ్యోతిని గ్రాండ్‌మాస్టర్లు అందుకోవడం వల్ల, పత్రికల క్రీడల పుటలో ఓ మూలన ఒదిగిపోయే పేర్లు నలుగురి నోళ్లలో నానాయి. నా లెక్కలో ఈ యాత్రకు దక్కిన ఫలితం అదే.

చెన్నైలో నేపియర్ వంతెనకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నలుపు తెలుపు గళ్లు వేశారు. తూర్పు తీర రహదారి మీదుగా మహాబలిపురం చేరి, టిక్కెట్లు చూపించి పోటీల హాలులోకి వెళ్లాం. వరుసలు తీరిన బల్లలలో మా అమ్మాయి ముందుగా వెతికింది మా గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక కోసమే. నిండు గర్భిణి అయి ఉండి కూడా ఆమె గంటల తరబడి బోర్డు ముందు కూర్చుని దేశం తరఫున ఆడుతున్నారు. శిల్పాలు చూడడానికి కూడా అమ్మాయి అక్కడి నుంచి కదలనంది.

ఆగస్టు 9న భారత మహిళల ‘ఎ’ జట్టు కాంస్యం గెలుచుకుంది. ఒలింపియాడ్‌లో మన మహిళలకు అదే తొలి పతకం. మా ఇంట్లో మాత్రం, “చివరి రౌండులో అమెరికా చేతిలో ఓడకపోతే స్వర్ణమే వచ్చేది బాబాయ్” అన్న వాదన చాలా రోజులు నడిచింది.