మనల్ని ఎవరు వద్దన్నారు?

మొన్న ఆదివారం స్పోర్ట్‌లోవ్‌కి, అంటే ఇక్కడ స్వీడన్‌లో బడులకిచ్చే చలికాలం సెలవులకి, ఉత్తరాన ఉన్న అబిస్కో వెళ్దామని టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. నేను నోరు జారి "లాప్ వాళ్ళ రెయిన్‌డీర్లు కూడా చూద్దాం" అన్నాను. మా పెద్దది, నాలుగో క్లాసు, చటుక్కున తలెత్తి "అమ్మా, అలా అనకూడదు, అది తిట్టు. సామీ అనాలి" అంది. స్వీడన్ ఉత్తరాన తరతరాలుగా ఉంటున్న ఆదివాసులు వాళ్ళు. సరే, సామీ అన్నాను. అక్కడితో అయిపోతే బావుండేది. ఒకప్పుడు సామీ పిల్లల్ని వేరే బడుల్లో పెట్టేవాళ్ళనీ, సొంత భాషలో మాట్లాడితే శిక్షించేవాళ్ళనీ, అందుకే ఇప్పుడు చాలామంది సామీలకి వాళ్ళ భాష రాదనీ స్కూల్లో చెప్పారట. ఇదంతా స్వీడిష్‌లో గడగడా చెప్పింది, ఎందుకంటే ఇంత సంగతి తెలుగులో చెప్పడం దానికి రాదు. చెప్పి, కాసేపు పెన్సిల్ కొరికి, తెలుగులో అడిగింది. "మరి మనల్ని ఎవరు వద్దన్నారు? నాకెందుకు తెలుగు చదవడం రాదు?"

నేను రైలు టికెట్ల పేజీ ఇంకోసారి రిఫ్రెష్ చేశాను.

మావారు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టారు. ఇలాంటప్పుడు ఆయనకి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు ప్లాన్ ఎలా వేశావో రాయమన్నారు, అది ముందు రాసేస్తాను. అందరూ ఫిన్లాండ్‌లోని రోవానియెమి అంటారు, సాంటా తాత ఊరు, చిన్నపిల్లలుంటే తప్పకుండా బావుంటుంది. మేం వెళ్ళేది అరోరా కోసం, అంటే రాత్రి ఆకాశంలో కనపడే రంగుల వెలుగుల కోసం, దానికి అబిస్కో ఎంచుకోవడానికి కారణం పడమటి వైపు కొండలు. మబ్బులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి, అందుకే మిగతా చోట్ల కంటే ఆకాశం తేటగా ఉండే రాత్రులు ఎక్కువ. 68 డిగ్రీల అక్షాంశం. అయినా అరోరా కనపడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, కనపడినా ఫోటోల్లో ఉన్నంత ఆకుపచ్చగా కంటికి ఉండదు, పిల్లలకి ఈ మాట ముందే చెప్పి పెట్టండి. స్టాక్‌హోమ్‌లో సాయంత్రం రైలెక్కితే రాత్రంతా ప్రయాణం చేసి మర్నాడు దిగుతాం. డిసెంబరులో వెళ్తే అక్కడ కొన్ని వారాల పాటు సూర్యుడే పైకి రాడు. ఫిబ్రవరి ఆఖరుకి పగలు బాగానే ఉంటుంది, రాత్రి కూడా కావలసినంత ఉంటుంది. సూర్యుడు రాకపోతే ఎక్కడికి వెళ్తాడని మా చిన్నాడు అడిగితే "తెనాలి, అమ్మమ్మ వాళ్ళింటికి" అని చెప్పాను. ఆలోచిస్తే అది మరీ అబద్ధం కూడా కాదు.

అమ్మకి ఫోన్ చేసి తొమ్మిదో వారంలో వెళ్తున్నాం అన్నాను. ఇక్కడ అందరం ఏడాదిలో వారాల నంబర్లతోనే కదా బతుకుతాం, అలా వచ్చేసింది. "ఎవరికే?" అంది అమ్మ, గొంతులో ఆశ. విషయం తెలిశాక, డబ్బులిచ్చి మరీ మంచులోకి వెళ్ళేవాళ్ళని మిమ్మల్నే చూశాను అంది.

బట్టల సంగతి. ఒంటికి ఆనుకుని ఉన్ని ఉండాలి, దాని మీద ఫ్లీస్, ఆ పైన గాలి చొరనిది. నూలు పనికిరాదు, చెమట పీల్చుకుని తడిసి ఒళ్ళు చల్లబడుతుంది. వేళ్ళన్నీ ఒకేచోట ఉండే చేతి తొడుగులు వేళ్ళు విడివిడిగా ఉండే వాటికంటే వెచ్చన. ఫోన్ బ్యాటరీ చలికి ఠక్కున పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. ఇదంతా నాకు పదేళ్ళుగా తెలుసు, డేకేర్ పిల్లలకి కూడా తెలుసు. అయినా ప్రతి చలికాలం పిల్లలకి లోపల తెనాలి నుంచి తెచ్చిన నూలు బనీన్లు తొడుగుతాను. "ఒంటికి నూలే మంచిదే" అనే అమ్మ మాట మైనస్ ఇరవైలో కూడా వినపడుతుంది మరి. మంకీ క్యాప్ కూడా సర్దాను. పెద్దది దాన్ని రెండు వేళ్ళతో తీసి సూట్‌కేసు బయట పెట్టింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసింది. ఇది రాస్తున్న సమయానికి అది బయటే ఉంది.

రెయిన్‌డీర్లు పెంచే ఒక కుటుంబానికి ఫోన్ చేశాను, ఒక పూట పిల్లలతో వస్తామని. నా స్వీడిష్ మొదలవగానే పెద్దది పక్కన నిలబడి పెదాలతో "ఎన్ కాదు, ఎట్" అని దిద్దుతోంది, స్వీడిష్‌లో ఏ మాటకి ఎన్, ఏ మాటకి ఎట్ వాడాలో నాకు ఇంకా తప్పుతుంది. మీకు ఎన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయని అడగబోతుంటే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అది అడగకూడదట, బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టట. జీతమెంత, ఇల్లు ఎంతకి కొన్నావు, కారు ఎంతకి వచ్చింది అని పలకరించే ఇంట్లోంచి వచ్చిన నాకు ఇందులో తప్పేంటో అర్థం కావడానికి కొంత టైం పట్టింది. ఫోన్ పెట్టాక, అలా పక్కన నిలబడి దిద్దితే నాకెలా ఉంటుందో తెలుసా అని కసిరాను. "నేను పల్లు అంటే నువ్వు పెద్దమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పి నవ్వుతావు" అంది. పళ్ళు అనాలి అన్నాను. నిజంగా, ఆ క్షణంలో కూడా దిద్దాను.

ఇక అసలు నేరం. ఇక్కడి బడిలో మాతృభాష క్లాసు అడగొచ్చు, తెలుగు కూడా. మున్సిపాలిటీలో కనీసం ఐదుగురు పిల్లలు కావాలి, టీచరు దొరకాలి. (సామీ లాంటి జాతీయ మైనారిటీ భాషలకి ఈ ఐదుగురి లెక్క లేదు, ఒక్కరు అడిగినా చాలు, టీచరు ఉంటే.) రెండేళ్ళ క్రితం నేనే వాట్సాప్ గ్రూపులో దండాల ఎమోజీలతో అందరి వెంటా పడ్డాను, మన భాషని మనమే కాపాడుకోవాలి, పిల్లలు రేపు మనల్నే అడుగుతారు అంటూ. ఐదుగురు పోగయ్యారు. టీచరు కూడా దొరికారు. గురువారం సాయంత్రాలు. ఒక టర్మ్ నడిచింది, మా పెద్దది అ ఆ ల నుంచి గుణింతాల దాకా వచ్చింది. అంతలో ఏడాదిగా వెయిటింగ్ లిస్టులో ఉన్న ఈత క్లాసులో సీటు వచ్చింది, అదీ గురువారమే. ఈత రాకపోతే మునిగిపోతుంది, తెలుగు రాకపోతే మునగదు కదా అనుకున్నాను. ఐదుగురిలో ఒకరు తగ్గితే ఎంతమందో మీకూ తెలుసు. క్లాసు ఆగిపోయింది. గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. అంటే బావుండేది.

సామీ వాళ్ళ కథ పక్కన మా ఇంటి కథ పెట్టడమే తప్పేమో. వాళ్ళ విషయంలో ఒక ప్రభుత్వం, ఒక చర్చి, తరాల పాటు సాగిన అవమానం ఉన్నాయి. నా విషయంలో ఉన్నది గురువారం టైమ్‌టేబుల్. స్వీడన్ చర్చి 2021లో సామీలకి క్షమాపణ చెప్పింది. నేను మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

2025 ఆగస్టులో, అబిస్కోకి దగ్గర్లోని కిరునా ఊళ్ళో చర్చిని జరపడం టీవీలో చూశాం. కింద ఇనుప గని వల్ల ఊరు ఊరంతా పక్కకి జరుగుతోంది, 1912 నాటి చెక్క చర్చి, 672 టన్నులు, విప్పకుండా అలాగే చక్రాల మీద ఐదు కిలోమీటర్లు రెండు రోజుల్లో తీసుకెళ్ళారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. మేం వచ్చినప్పుడు ప్రెషర్ కుక్కరూ, మూడు రకాల పచ్చళ్ళూ, చుట్ట చుట్టిన అక్షరమాల చార్టూ తెచ్చుకున్నాం. చార్టు రబ్బరు బ్యాండు ఊడలేదింకా.

ఆ రాత్రి పడుకునే ముందు దానికి జవాబు చెప్పాలనిపించింది. ఎవరూ వద్దనలేదు, నీకు ఈత క్లాసు వచ్చిందని నేనే మానిపించాను అన్నాను. కాసేపు పైకప్పు చూసింది. "నేను ఈత అడగలేదు" అంది. నిజమే, అడగలేదు. అలాగని తెలుగు అడిగిందా అంటే అదీ లేదు. రెండూ నా భయాలే, ఏ భయం ఎక్కువైతే ఆ క్లాసు. ఇప్పుడు మళ్ళీ ఆ ఐదుగురి కోసం గ్రూపులో మెసేజ్ పెడదామని రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. అక్కడ నా ముఖం చెల్లుతుందో లేదో తెలీదు, పైగా ఈ వయసులో అది గుణింతాలు ఎవరి కోసం నేర్చుకోవాలి, దాని కోసమా, నా నిద్ర కోసమా అన్నది కూడా తేలలేదు.

ఈరోజు పొద్దున చూస్తే ఫ్రిజ్ మీది సామాన్ల లిస్టు పొడుగైంది. పైనంతా స్వీడిష్‌లో, టార్చి, థర్మాస్, ఉన్ని సాక్సులు. అడుగున తెలుగులో ఏదో ఉంది, రాసినట్టు కాదు, బొమ్మ వేసినట్టు, తలకట్లు ఎటో ఎగిరిపోయి, సున్నాలన్నీ కోడిగుడ్లంత. పచ్చడి సీసా మీద అమ్మ అంటించిన చీటీని చూసి దించింది. మొత్తం దించింది, అంతా కలిసి దాని పేరనుకుందేమో. మావారు కళ్ళజోడు పైకి జరుపుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు.

"ఆవకాయ, సరే. ఈ 'తడి గరిటె పెట్టకండి' ఏ సూట్‌కేసులో పెట్టాలి?"