మైన్ నదికి ఎదురుగా మూడు రుచులు

జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల మధ్య సెలవుల ప్రస్తావన వస్తే పారిస్, ప్రాగ్ పేర్లే ముందుగా వినిపిస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తూర్పుకు, మైన్ నది ప్రవాహానికి ఎదురుగా, ఎగువకు సాగే దారి గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ దారిలో మొదట యాపిల్ వైన్, తరువాత ద్రాక్ష వైన్, చివరగా బీరు, ఒకదాని వెంట ఒకటి, తాము పుట్టిన ఊళ్లలోనే ఎదురవుతాయి. తయారైన చోటనే తాగడం వల్ల ధర కూడా విద్యార్థులకు అందుబాటులోనే ఉంటుంది. సెప్టెంబరు చివర్లో నేను, మరో ముగ్గురు మిత్రులు కలిసి ఆ దారి పట్టాము. ప్రయాణానికి మేము పెట్టుకున్న నియమాలు తేలికైనవే. దేశమంతటా స్థానిక రైళ్లలో చెల్లే నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్ అందరి దగ్గరా ఉంది కాబట్టి అది చెల్లని ఐసీఈ అనే వేగపు రైళ్ల జోలికి వెళ్లకుండా రీజనల్ రైళ్లలోనే తిరగాలి. ఏ రకమైనా ముందు ఒక గ్లాసే తెప్పించుకుని నలుగురం రుచి చూడాలి, నచ్చితేనే రెండోది అడగాలి. తినకుండా తాగకూడదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నదికి దక్షిణాన ఉన్న జాక్సెన్‌హౌజెన్ ప్రాంతంలో యాపిల్ వైన్ పానశాలలు వీధివీధికీ ఉన్నాయి. లోపల పొడవాటి చెక్క బల్లలుంటాయి, ఖాళీ ఉన్న చోట కొత్తవారి పక్కనే కూర్చోవాలి. ఇక్కడ ఆప్ఫెల్‌వైన్‌ను, అంటే యాపిల్ వైన్‌ను, బెంబెల్ అనే కూజాలో తెచ్చి పెడతారు. ఉప్పు మెరుగు వేసి కాల్చిన ఆ బూడిదరంగు మట్టి కూజా మీద నీలిరంగు లతలు గీసి ఉంటాయి. ఎన్ని గ్లాసులు పడుతుందో ఆ లెక్కతోనే దానిని అడగాలి కాబట్టి ఒక గ్లాసు నియమాన్ని పక్కనపెట్టి మేము నాలుగు గ్లాసుల బెంబెల్ చెప్పాము. మందపాటి మట్టి గోడ వల్ల అది చివరి గ్లాసు దాకా చల్లగానే ఉంది. గ్లాసు చుట్టూ వజ్రాకారపు గీతలు చెక్కి ఉంటాయి. మాంసం తిన్న జిడ్డు చేతుల నుంచి గ్లాసు జారిపోకుండా ఆ ఏర్పాటు చేశారని అంటారు. గీతల మీద వెలుతురు పడినప్పుడు లోపలి లేత బంగారు రంగు ముక్కలు ముక్కలుగా మెరిసింది.

సీసాల్లో దొరికే తియ్యని సైడర్‌కు అలవాటు పడిన మాకు మొదటి గుటక పుల్లగా, కటువుగా తగిలింది. యాపిల్ రసంలోని చక్కెర దాదాపు అంతా పులిసిపోయేదాకా ఉంచుతారు కాబట్టి తీపి మిగలదు. కొన్నిచోట్ల స్పైయర్లింగ్ అనే చిన్న పండ్ల రసాన్ని కూడా కలుపుతారు, దానివల్ల వగరు పెరుగుతుంది. గుంటూరు నుంచి వచ్చిన మిత్రురాలు సోడా నీళ్లు కలిపిన రకాన్ని అడిగింది, అది వెంటనే అందరికీ నచ్చింది. అయితే ఆకుపచ్చని సాస్ వచ్చాక నీళ్లు కలపని గ్లాసే నాకు రుచించింది. ఏడు రకాల ఆకుకూరలను సన్నగా తరిగి, పుల్లని క్రీములో కలిపి, ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలతో వడ్డించే ఈ గ్రూనె సోసె తక్కువ ఖర్చులో కడుపు నింపే భోజనం. ఆ ఆకుల పచ్చి వాసనకు యాపిల్ వైన్ పులుపు చక్కగా సరిపోయింది. ఒకప్పుడు ఈ పరిసరాలన్నీ ద్రాక్షతోటలే. వాతావరణం చల్లబడి, తెగుళ్లు కూడా తోడై ద్రాక్ష వెనుకబడ్డాక యాపిల్ ఆ స్థానంలోకి వచ్చింది. నగరానికి చెందిన చిన్న ద్రాక్షతోట ఒకటి లోర్‌బెర్గ్ కొండ మీద ఇప్పటికీ మిగిలి ఉంది.

అక్కడి నుంచి రైలు స్పెస్సార్ట్ అడవుల గుండా సుమారు రెండు గంటల్లో వ్యూర్ట్స్‌బుర్గ్ చేరుతుంది. స్టేషను బయటికి రాకముందే, పట్టాలకు ఎగువన, కొండవాలు అంతటా ష్టయిన్ ద్రాక్షతోట కనిపిస్తుంది. ఆ తోటలో వాటాలున్న ప్రధాన వైన్ సంస్థల్లో రెండు ధర్మాసుపత్రులకు చెందినవి. యూలియుస్ష్పిటాల్‌ను 1576లో యూలియుస్ ఎఖ్టర్ అనే బిషప్ పాలకుడు స్థాపించాడు. బ్యుర్గర్‌ష్పిటాల్ అంతకన్నా పాతది, 14వ శతాబ్దం నాటిది. ద్రాక్షతోటల రాబడితో రోగులను, వృద్ధులను ఆదుకునే ఆ ఏర్పాటు నేటికీ కొనసాగుతోందని తెలిసినప్పుడు మన దేవాలయాలకు, సత్రాలకు రాసిచ్చిన మాన్యాలు గుర్తుకు వచ్చాయి. వాటిలో ఎన్ని మిగిలాయన్న బాధ కూడా కలిగింది.

సాయంత్రం ఊరంతా పాత మైన్ వంతెన మీదికి వస్తుంది. 1473లో కట్టడం మొదలుపెట్టిన ఆ రాతి వంతెన మీద, సాధువుల విగ్రహాల కింద, జనం గ్లాసులు పట్టుకుని నిలబడే కబుర్లు చెప్పుకుంటారు. వంతెన చివరనున్న దుకాణంలో డిపాజిట్ కట్టి గ్లాసు తీసుకోవాలి, తిరిగి ఇస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. మేము ఒక ముల్లర్-తుర్గావ్, ఒక సిల్వానర్ తీసుకున్నాము, రెండూ ద్రాక్ష రకాల పేర్లతో పిలిచే తెల్ల వైన్లు. మొదటిది పూల వాసనతో తేలిగ్గా జారిపోయింది. సిల్వానర్ వాసన తక్కువ, కానీ మింగిన తరువాత సున్నపురాతి నేలను తలపించే పొడి రుచి నాలుక మీద చాలాసేపు నిలిచింది. 1659 నుంచి ఈ ఫ్రాంకోనియా ప్రాంతపు నేలలో పాతుకుపోయిన ఈ రకాన్ని బయట పెద్దగా ఎవరూ పట్టించుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆ కాలంలో దొరికే ఫేడర్‌వైసర్ మాత్రం మా ప్రయాణంలోనే అతి చవకైనది, అందరం ఎక్కువగా చర్చించుకున్నదీ అదే. అప్పుడే పులియడం మొదలైన ద్రాక్షరసాన్ని సీసాలో పోసి సూపర్‌మార్కెట్లలో అమ్ముతారు. లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది కాబట్టి మూత బిగించరు, సీసాను పడుకోబెట్టకూడదు. మాతో వచ్చిన నల్లగొండ మిత్రుని తాతగారిది గీతవృత్తి. తెల్లగా మసకబారిన ఆ ద్రవాన్ని, అడుగు నుంచి ఎడతెగకుండా లేస్తున్న సన్నని బుడగలను చూసి అతడు ఇది కల్లే అన్నాడు. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి ఎలా ఘాటెక్కుతుందో, దీనికీ పూటపూటకూ రుచి మారుతుందని చెప్పి, సగం సీసా మరునాటికి ఉంచమన్నాడు. అతడు చెప్పినట్టే జరిగింది. రాత్రి ఉల్లిపాయల కేకుతో తాగినప్పుడు పండ్లరసంలా ఉన్నది, మరునాటికి తీపి తగ్గి చురుక్కుమంది. ఒకే సీసాలో పులియడమనే ప్రక్రియను రెండు దశల్లో రుచి చూసే అవకాశం ఏ ఖరీదైన టేస్టింగ్‌లోనూ దొరకదు.

వ్యూర్ట్స్‌బుర్గ్ నుంచి గంట ప్రయాణంలో బాంబెర్గ్ వస్తుంది. ఇక్కడ ద్రాక్షతోటలు ఆగిపోయి బీరు రాజ్యం మొదలవుతుంది. ఈ ఊరికి పేరు తెచ్చింది రౌఖ్‌బీర్, అంటే పొగబీరు. మొలకెత్తిన బార్లీని, అంటే మాల్ట్‌ను, ఒకప్పుడు చాలాచోట్ల కట్టెల మంట మీదే ఆరబెట్టేవారు కాబట్టి పాతకాలపు బీర్లలో చాలావాటికి పొగవాసన ఉండేది. పొగ తగలని కొలుములు వచ్చాక ఆ వాసన మాయమైంది. బాంబెర్గ్‌లో ష్లెంకెర్లా, ష్పెట్సియాల్ అనే రెండు బీరు తయారీశాలలు మాత్రం బీచ్ కట్టెల పొగ మీద బార్లీని ఆరబెట్టడం మానలేదు. ష్లెంకెర్లాలో మెర్ట్సెన్ బీరును చెక్క పీపా నుంచి నేరుగా గ్లాసులోకి వంపుతారు. నల్లని గోధుమరంగు, మీద దంతపు రంగు నురగ. గ్లాసు పెదవుల దాకా రాకముందే పొగ ముక్కుకు తగిలింది. మిత్రురాలు ఒక్క గుటకతో గ్లాసు పక్కకు జరిపింది. ఈ బీరు అలవాటు కావడానికి మూడు గ్లాసులు పడుతుందని ఊరివాళ్లు అంటారు. మా నియమం ప్రకారం ముందు ఒక్కటే గ్లాసు కనుక దానినే నింపాదిగా తిప్పుకుంటూ తాగాము. సగానికి వచ్చేసరికి పొగ వెనక్కి తగ్గి, కింద ఉన్న మాల్ట్ తీపి పైకి వచ్చింది. ష్పెట్సియాల్ వారి బీరులో పొగ మరీ పలుచన, కొత్తవారు అక్కడ మొదలుపెట్టడమే మేలు.

ఈ ప్రాంతంలో కొండల్లో తవ్విన బీరు నేలమాళిగల మీద, చెట్ల నీడలో కెల్లర్ అనే తోటలు నడుపుతారు. కొన్నింటిలో బీరు అక్కడే కొంటే చాలు, తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. ముందుగా అడిగి తెలుసుకుని, ఉదయం హాస్టల్ వంటగదిలో కలిపిన పులిహోర డబ్బా అక్కడ తెరిచాము. చింతపండు పులుపు, ఎండుమిరప ఘాటు, వేయించిన వేరుశనగపప్పు, వీటి పక్కన పొగబీరు ఇంతగా ఇముడుతుందని మేమెవరమూ ఊహించలేదు. గ్లాసు జరిపేసిన మిత్రురాలే తన వాటా అడిగి తీసుకుంది.

తిరుగు ప్రయాణానికి ముందు ష్లెంకెర్లా వారి హెల్లెస్ అనే లేతరంగు బీరు సీసా ఒకటి రెండు యూరోల లోపే దొరికింది. ఇందులో పొగ తగిలిన మాల్ట్ అసలు వాడరు, అయినా అవే పాత్రలలో కాచి, అదే ఈస్టుతో పులియబెట్టడం వల్ల సన్నని పొగ దానంతట అదే చేరుతుంది. మెర్ట్సెన్ తాగిన నాలుకకు అది తెలియదు కాబట్టి మరునాడు ఫ్రాంక్‌ఫర్ట్ చేరాకనే తెరిచాము. ఇద్దరికి పొగ తెలిసింది, ఒకరికి తెలియలేదు. నాకు మాత్రం గ్లాసు కాస్త వెచ్చబడిన తరువాత, చివరి గుటకల్లో తెలిసింది.