గూడు లెక్క వాలే కర్ర నుంచే

ఆదివారం, సాయంత్రం 6 గంటలు

పెరట్లో కొత్త కోళ్ల గూటికి ముగ్గుపిండితో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గీసి ఉంది. 12 నాటుకోళ్లు రాత్రి పడుకోవడానికి ఆ చోటు చాలు. పగలంతా బయట తిరిగే కోడికి గూట్లో 2 చదరపు అడుగులిస్తే సరిపోతుంది. రోజంతా మూసి పెంచే కోళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఎండ నేరుగా లోపలికి కొట్టకుండా పొడవు తూర్పు పడమరలుగా పెట్టడమే మేలు.

మసక పడింది. కోళ్లు ఒక్కొక్కటే జామచెట్టెక్కుతున్నాయి. పెట్ట ముందు కింది కొమ్మ మీద వాలి, మెడ సాచి పైకొమ్మ చూసుకుని మళ్లీ ఎగురుతుంది. పైన చోటు దొరికిన కోడి పక్కదాని నెత్తిన పొడుస్తుంది. ఈ పావుగంట చూస్తే గూడెలా కట్టాలో తెలిసిపోతుంది. గోడల సంగతి తర్వాత, ముందు కోళ్లు రాత్రి వాలి పడుకునే కర్ర లెక్క తేలాలి.

ఒక్కో కోడికి కర్ర మీద 9 అంగుళాలు, అంటే మొత్తం 9 అడుగులు. 6 అడుగుల సరుగుడు కర్రలు రెండు వేస్తే 12 అడుగులొస్తాయి. వేసవిలో ఎడంగా కూర్చోవడానికి ఆ మిగులు కావాలి. రెండూ ఒకే ఎత్తులో, గూటి నేల నుంచి రెండున్నర అడుగుల్లో ఉండాలి. మెట్లలా వేస్తే పైమెట్టు కోసం రోజూ కొట్లాటే. వెనక గోడకు 15 అంగుళాల దూరంలో ఒకటి, అక్కడి నుంచి ఇంకో 15 అంగుళాలకు రెండోది. కర్ర 2 అంగుళాల మందం, బెరడు తీసి నున్నగా చేసింది. వనరాజా లాంటి బరువైన కోళ్లుంటే ఎత్తు అడుగున్నరకు దించాలి. లేకపోతే దూకి దూకి అరికాలు వాచి చీము పడుతుంది.

కర్రలకు మేకులు కొట్టొద్దు. రెండు వైపులా చెక్కకు గాడి పెట్టి అందులో ఆనించాలి. పగలు గోమార్లు దాక్కునేది కర్ర చివర్ల సందుల్లోనే, రాత్రి బయటికొచ్చి రక్తం పీలుస్తాయి. ఊడదీసి ఎండలో పెట్టి, చివర్ల మీద, గాడిలో సలసల కాగే నీళ్లు పోస్తే గాని వదలవు. గుడ్ల పెట్టెలు కర్రకంటే కిందే ఉండాలి. పైనుంటే కోళ్లు వాటిలోనే పడుకుని రెట్టతో నింపేస్తాయి.

ముంగిస, బావురుపిల్లి భయం తీరాలంటే ముందు నేల గట్టిగా ఉండాలి. అడుగెత్తు అరుగు మీద నాపరాళ్లు పరిచి, సందులు సిమెంటుతో పూడిస్తే కింద తవ్వి రాలేవు. దాని మీద 3 అంగుళాల ఊక. గోడ రెండడుగులు ఇటుక, పైన అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించిన గట్టి జాలీ. సన్నతీగ కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుందే గాని కుక్కను బయట ఆపలేదు. మెష్ అంచుల మీద పట్టీ వేసి బిగించాలి. తలుపుకు గడియలు రెండు, పైనొకటి కిందొకటి. కింద ఒక్క మూల లొంగినా ముంగిస దూరుతుంది.

ఎక్కువమంది తప్పుచేసేది వానాకాలం పట్టా దగ్గర. పైనుంచి వేలాడదీసి నాలుగువైపులా మూసేస్తారు. రాత్రంతా కోళ్ల రెట్ట గూట్లోనే పడుతుంది, ఆ ఘాటు బయటికి పోయే దారి ఉండదు. కళ్లు నీరు కారి, గురక మొదలవుతుంది. పట్టాను కింది అంచున కట్టి పైకి లాగాలి, చూరు కింద అడుగు ఖాళీ వదలాలి. జల్లు లోపలికి రాకుండా పైకప్పు రేకు రెండడుగులు ముందుకు రావాలి, వేడికి దాని మీద తాటాకు. తెల్లవారి తలుపు తీయగానే కర్ర ఎత్తుకు వంగి ఊపిరి పీల్చి చూడండి. ముక్కు మండితే గాలి చాలనట్టే.

కొత్త గూడు అలవాటు కావాలంటే చీకటి పడ్డాక కోళ్లను చెట్టు దించి కర్ర మీద కూర్చోబెట్టాలి. 4 రోజులు లోపలే మేత, నీళ్లు. తొందరపడి రెండో రోజే వదిలితే సాయంత్రానికి మళ్లీ చెట్టే.

అవిగో, పన్నెండూ సర్దుకున్నాయి. చివరి పెట్ట పొట్ట దించి కాలివేళ్లు కప్పుకుంది. రేపు నాపరాళ్లకు కొలత ఇవ్వాలి.