మరియా ఎవరి గొంతుతో పాడింది?

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ట్రాక్ పాడాను. పేరున్న గాయని స్టూడియోకి వచ్చేలోపు పాట ఒక రూపానికి రావాలి కదా, అందుకు ముందుగా మాలాంటి వాళ్ల చేత పాడిస్తారు. ఆవిడ వచ్చి పాడాక మా గొంతు తీసేస్తారు. అది తెలిసే వెళ్తాం కాబట్టి బాధ ఉండదు. ఒక్కసారి మాత్రం "ఈ పాటకి నీ గొంతే ఉంచేస్తున్నాం అమ్మా" అన్నారు. అమ్మనీ పిన్నినీ వెంటబెట్టుకుని మొదటి రోజే సినిమాకి వెళ్లాను. పల్లవి ఎత్తుకోగానే తెలిసిపోయింది, అది నేను కాదు. పిన్ని నా చెయ్యి పట్టుకుని "ఇదేనా నీ పాట? ఎంత బాగుందే!" అంది. పాట అయ్యేదాకా ఏమీ చెప్పలేకపోయాను.

అందుకే 'వెస్ట్ సైడ్ స్టోరీ' అనే హాలీవుడ్ పాటల సినిమా, పాతదీ కొత్తదీ, ఎప్పుడు చూసినా నా మనసు ముందు నటాలీ వుడ్ దగ్గరికే పోతుంది. రోమియో జూలియట్ కథనే న్యూయార్క్ వీధుల్లోకి తెచ్చారు. ఒకవైపు జెట్స్ అనే తెల్ల కుర్రాళ్ల ముఠా, ఇంకోవైపు షార్క్స్ అనే ముఠా, ప్యూర్టోరికో దీవి నుంచి వచ్చిన, స్పానిష్ మాట్లాడే కుర్రాళ్లు. 1961 సినిమాలో కథానాయిక మరియా నటాలీయే. పాటలన్నీ తనే పాడి రికార్డు చేసింది. తెర మీద కూడా తన గొంతే వినిపిస్తుందని నమ్మింది. చివరికి ఆ గొంతు పక్కన పెట్టేసి మార్ని నిక్సన్ అనే గాయని చేత పాడించారు. మార్ని కష్టం ఇంకో రకం. సీన్లు అప్పటికే తీసేశారు, నటాలీ పెదాలు ఎక్కడ కదిలితే అక్కడ మాట పడాలి. బూత్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకొకరి పెదాల వెంట పాడటం ఎంత ఒత్తిడో పాడినవాళ్లకే తెలుసు.

మనకి ప్లేబ్యాక్ కొత్తేం కాదు. రామారావు గారికి ఘంటసాల గారు, సావిత్రి గారికి సుశీలమ్మ పాడారంటే, ఆ పేర్లు తెర మీద పడేవి, జనం ఇద్దరినీ తమవాళ్లనుకునేవారు. మార్ని పేరు ఆ సినిమా టైటిల్స్‌లోనే లేదు. రికార్డుల అమ్మకాల్లో వాటా కావాలని ఆమె అడిగితే, సంగీతం చేసిన లెనార్డ్ బెర్న్‌స్టైన్ తన రాయల్టీలోంచి పావు శాతం ఇచ్చాడు. ఆయన మీద నాకు గౌరవం పెరగడానికి సగం కారణం అదే.

2021లో స్పీల్‌బర్గ్ మళ్లీ తీసినప్పుడు రేచెల్ జెగ్లర్ మరియా అయింది. అది ఆమెకి మొదటి సినిమా. తన పాట తనే పాడింది. మల్టీప్లెక్స్‌లో ఆ గొంతు, ఆ మొహం ఒకటిగా వినిపిస్తుంటే నాకు గుండె నిండిపోయింది.

'ఐ ఫీల్ ప్రెటీ' పాట ఒక్కటి రెండు సినిమాల్లోనూ చూడండి. పాతదాంట్లో అది ముఠాల కొట్లాటకి ముందే వస్తుంది. పెళ్లిబట్టల షాపులో పనిచేసే అమ్మాయి ప్రేమలో పడి మురిసిపోతూ పాడుకుంటుంది, అంతే. కొత్తదాంట్లో, ఈ కథ మొదట వచ్చిన రంగస్థల నాటకంలో లాగే, కొట్లాట తర్వాత పెట్టారు. మరియా గింబెల్స్ అనే పెద్ద స్టోర్‌లో రాత్రిపూట ఊడ్చి తుడిచే పని చేస్తుంటుంది. మూసేసిన కొట్టు, బట్టలు తొడిగిన బొమ్మలు, మధ్యలో తోటి పనివాళ్లతో ఆటపట్టిస్తూ పాట. అదే రాత్రి ఆమె అన్న బెర్నార్డో చనిపోయాడు, అదీ తను ప్రేమించిన టోనీ చేతిలో. అది మనకి తెలుసు, ఆమెకి తెలియదు. స్వరాలు అవే, మాటలు దాదాపు అవే. పాట చోటు మారితే నవ్వుతున్న పిల్లని చూసి ఏడుపొచ్చింది.

డాన్సులో మాత్రం నా ఓటు పాతదానికే. డాన్సులు కూర్చిన సహదర్శకుడు జెరోమ్ రాబిన్స్ మళ్లీ మళ్లీ టేకులు తీయించి ఖర్చు పెంచేస్తున్నాడని మధ్యలోనే ఆయన్ని తప్పించారు. మిగతాది ఇంకో దర్శకుడు రాబర్ట్ వైజ్ పూర్తి చేశాడు. అయినా ఆ మొదటి పది నిమిషాలు, చిటికెలు వేస్తూ కుర్రాళ్లు వీధిలోకి వచ్చే తీరు, నడక ఎక్కడ ఆగి నాట్యం ఎక్కడ మొదలైందో తెలియకపోవడం, అది మళ్లీ ఎవరికీ కుదరలేదు. అందులో కొంత తీసింది లింకన్ సెంటర్ అనే పెద్ద కళాభవనాల సముదాయం కోసం కూల్చేయబోతున్న నిజం వీధుల్లోనే. కొత్త సినిమా ఆ శిథిలాల మీంచే మొదలవుతుంది. రెండు ముఠాలూ కొట్టుకునే నేల ఇద్దరికీ దక్కదని మొదటి షాట్‌లోనే తెలిసిపోతుంది.

షార్క్స్ వాళ్లు స్పానిష్‌లో మాట్లాడుకుంటే కొత్తదాంట్లో సబ్‌టైటిల్స్ వేయలేదు. మా వరసలో ఒకాయన విసుక్కున్నాడు. నాకైతే ఒక్క ముక్క అర్థం కాకపోయినా గొంతులోని కోపం, గారాబం తెలిశాయి. పాత సినిమాలో ప్యూర్టోరికోలో పుట్టిన రీటా మొరేనో మొహానికి కూడా ముదురు రంగు పూశారు. బెర్నార్డో ప్రియురాలు అనిటా పాత్రకి ఆమె ఆస్కార్ గెలిచింది. కానీ 'ఎ బాయ్ లైక్ దట్' పాటలో వినిపించేది ఆమె గొంతు కాదు, బెటీ వాండ్ అనే గాయనిది. అరవై ఏళ్ల తర్వాత అదే పాత్రకి ఆరియానా డిబోస్ ఆస్కార్ తెచ్చుకుంది, తన గొంతుతో.

కొత్త సినిమాలో రీటా వాలెంటీనా అనే కొట్టు యజమానురాలు. ఇదివరకు ప్రేమికులిద్దరూ పాడిన 'సమ్‌వేర్' పాట ఈసారి ఆమెకి ఇచ్చారు. సినిమా అమెరికాలో విడుదలైన మర్నాడు ఆమెకి తొంభై నిండాయి. గొంతు సన్నగా వణుకుతుంది. రికార్డింగ్‌లో మా ఇంజనీరు వాక్యానికీ వాక్యానికీ మధ్య మేం తీసుకునే ఊపిరి కత్తిరించేసేవాడు, పాట శుభ్రంగా ఉండాలని. రీటా పాడుతుంటే ఆ ఊపిరి వినిపిస్తుంది. దాన్ని అలాగే ఉంచారు.